ముందున్న సున్నా

మా ల్యాబులో నా పేరు మొసలి తాత. ఆ పేరు పెట్టినవాళ్ళను తప్పుపట్టను. చిన్నప్పుడు మొసలి వీపు మీద కూర్చుని ఏరు దాటి బడికి వెళ్ళేవాణ్ణని ఇరవై రెండేళ్ళుగా అక్కడ అందరికీ చెబుతూనే ఉన్నాను. మొదట్లో ఆ మొసలి మంచమంత ఉండేది. ఇప్పుడు పడవంత అయింది, మేత బాగా దొరికిందేమో. కోతలు కోయడం నాకు సరదా. అది కోత అని చెప్పే నాకూ తెలుసు, వినేవాడికీ తెలుసు, ఎవరి ఒంటి మీదా గీత పడదు. కానీ పోయిన గురువారం నేను నిజాన్ని చేతిలో పట్టుకుని పెద్దవాళ్ళ ముందు నిలబడితే నా మాట ఒక్కరూ నమ్మలేదు. ఆ రోజు వచ్చిన కోపం ఇంకా దిగలేదు. అది దిగకముందే రాసి పెట్టాలని కూర్చున్నాను.

నా పని చిన్నది. ఊపిరితిత్తుల ఆసుపత్రిలో రోగుల కఫం చిన్న చిన్న ట్యూబుల్లో పట్టి ఇస్తారు. వాటిని మంచు పెట్టెలో సర్దుకుని, బస్సెక్కి ల్యాబుకు తెచ్చి, చలిగదిలో పెడతాను. అక్కడి నుంచి పెద్ద చదువుల పని. కఫంలోని క్రిమిని పట్టుకుని దాని పుట్టుకలో రాసి ఉన్న అక్షరాలన్నీ ఒక మెషినుతో చదివిస్తారు. ఉన్నవి నాలుగే అక్షరాలట, కానీ లక్షల కొద్దీ వరస. ఆ కుప్పను ఒక ప్రోగ్రాం తిరగేసి, ఈ క్రిమి మామూలు బిళ్ళలకు చస్తుందా, లేక మొండిదా, సూది మందు పొడవాల్సిందేనా అని చెబుతుంది. అదే సంగతి గాజు గిన్నెలో క్రిమిని పెంచి తెలుసుకోవాలంటే ఆరు వారాలు. అక్షరాలు చదివించడానికి వారం పది రోజులు పోయినా, ప్రోగ్రాముకు ఒక్క పూట చాలు. గొప్ప విషయమే, నేను కాదనను.

ఆ ప్రోగ్రాం రాసిన ఆయనను నేను పచ్చచుక్క అంటాను, చాటుగా. ప్రోగ్రామును పరీక్షించినప్పుడల్లా తెర మీద చుక్కల వరస వస్తుంది. పరీక్ష నెగ్గితే పచ్చచుక్క, తప్పితే ఎర్రచుక్క. ఆయన పొద్దున్నే వచ్చి, టీ గ్లాసు పట్టుకుని, ఆ చుక్కలు చూసి, అన్నీ పచ్చగా ఉంటే తృప్తిగా ఒక గుటక వేస్తాడు. ఆయనకు లోకమంటే అంతే.

ఆ చుక్కలు చూసే ఉద్యోగం మా మనవరాలిది. నా కూతురి కూతురు. మాటలు వచ్చిన రోజు నుంచి "ఎందుకు?" తప్ప ఇంకో మాట లేకపోవడంతో ఇంట్లో ఎందుకమ్మ అని పిలుస్తాం. ప్రోగ్రాములో తప్పులు పట్టడానికే ఆమెకు జీతమిస్తారు. నా బీపీ బిళ్ళల డబ్బా కూడా ఆమె పరీక్షించాకే నేను నోట్లో వేసుకుంటాను.

గురువారం పొద్దున ఆసుపత్రి వరండాలో పెట్టె కోసం కూర్చుని ఉంటే, ఎవరో భుజం తట్టారు. చూస్తే మా బస్సు డ్రైవరు. పదకొండేళ్ళు అతని బస్సులోనే ఆ పెట్టెతో తిరిగాను. ఇంజను కాస్త మూలిగితే చాలు, ఏ బోల్టు వదులైందో చెవితో చెప్పేవాడు. జబ్బు చేసి రెండు నెలలుగా సెలవులో ఉన్నాడు. మనిషి సగమయ్యాడు.

"తాతా, ఇటు జరుగు. నా ఎడమ పక్కకి రా."

"ఏరా, కుడి పక్క ఎవరైనా వచ్చి కూర్చుంటారా ఏంటి?"

నవ్వలేదు. ఎప్పుడూ నా మీద రెండు జోకులు ఎక్కువే వేసేవాడు.

"కుడి చెవి పోయింది తాతా. ఆ సూది మందు వల్లనే. ఇప్పుడు ఎడమ దాంట్లో కూడా గుయ్యిమని మొదలైంది. మొన్నటి నుంచి."

"మరి డాక్టరుకు చెప్పావా?"

"చెప్పకుండా ఉంటానా? మీ ల్యాబు రిపోర్టులో మొండి క్రిమి అని ఉందట. సూది ఆపితే ప్రాణం పోతుందంటాడు. వేస్తే చెవి పోతుందని ఆయనే అంటాడు. రిపోర్టు తప్పని ల్యాబువాళ్ళు ఒక్క ముక్క చెబితే ఈ క్షణం ఆపేస్తానన్నాడు." నా వైపు వంగాడు. "ఒకటి చెప్పనా? రిపోర్టు రాకముందు పది రోజులు మామూలు బిళ్ళలే ఇచ్చారు. ఆ పది రోజుల్లోనే జ్వరం దిగింది, దగ్గు తగ్గింది. మొండిదైతే దిగుతుందా తాతా?"

"సూది ఎన్నింటికి వేస్తారు?"

"రోజూ సాయంత్రం ఐదింటికి. చెవుల్లేని డ్రైవరుకు బస్సు ఎవడిస్తాడు? వెనకాల హారన్ వినపడద్దూ?"

"నీ ట్యూబు నంబరెంత?"

"ఐదు. ఆ రోజు లైనులో పన్నెండు మందిమి, నేను ఐదోవాణ్ణి."

పెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. కొత్త డ్రైవరు గేరు మార్చిన ప్రతిసారీ బస్సు ఏడ్చింది. అది ఎందుకు ఏడుస్తోందో చెప్పగలిగినవాడు వరండాలో కూర్చుని సాయంత్రం ఐదు కోసం ఎదురుచూస్తున్నాడు.

నేను వెళ్ళేసరికి ఎందుకమ్మ బల్ల ముందు పచ్చచుక్క నిలబడి ఉన్నాడు. చేతిలో ఒక కాగితం. ఈ ప్రోగ్రాం పరీక్షలన్నీ నెగ్గింది అని అందులో ఉంటుంది, కింద ఆమె సంతకం ఉండాలి. సంతకం పడితే ఇంకో పద్నాలుగు ఆసుపత్రులకు, నెలకి మూడు వేల మంది రోగులకు అది వెళ్ళిపోతుంది.

"చూడమ్మా, నాలుగింటికల్లా డైరెక్టర్ గారి బల్ల మీద ఉండాలి. అన్నీ పచ్చగానే ఉన్నాయిగా? ఇంకేంటి నీ బాధ?"

"పన్నెండు శాంపిళ్ళ పరీక్ష మూడు వారాల కిందట ఎర్రగా వచ్చింది సర్."

"వచ్చింది. సరిచేశాను. ఇప్పుడు పచ్చగా ఉంది."

"ప్రోగ్రామును సరిచేయలేదు సర్ మీరు. జవాబును మార్చారు."

ఈ ముక్క నాకు కొత్త. ఆయన కాగితం బల్ల మీద పెట్టి వెళ్ళాక కుర్చీ లాక్కుని కూర్చుని, సంగతేంటని అడిగాను. ఆమె చెప్పింది విని నా అరికాలి మంట నెత్తికెక్కింది.

ప్రోగ్రామును పరీక్షించాలంటే ముందు సరైన జవాబు ఒకటి దగ్గర ఉండాలి కదా. ప్రోగ్రాం ఇచ్చిన జవాబు దానితో సరిపోతే పచ్చ, లేకపోతే ఎర్ర. మరి సరైన జవాబు ఎక్కడి నుంచి వచ్చింది? ఈ క్రిముల లోపలి సంగతి ఎవరికీ తెలియదు. తెలియకే కదా ప్రోగ్రాం రాసుకున్నది. అందుకని పచ్చచుక్క ఏం చేశాడంటే, తొలిసారి తొమ్మిది శాంపిళ్ళతో ప్రోగ్రామును నడిపి, అది ఏం చెబితే దాన్నే సరైన జవాబని దాచి పెట్టాడు. తొమ్మిదే ఎందుకయ్యా అంటే, అంతకంటే ఎక్కువైతే టీ చల్లారేదాకా ఆలస్యమయ్యేది. అప్పటి నుంచి ఆ ప్రోగ్రాం తన పరీక్ష పేపరు తనే దిద్దుకుని, రోజూ నూటికి నూరు వేసుకుంటోంది.

మూడు వారాల కిందట ఎందుకమ్మ రెండేళ్ళనాటి పాత శాంపిళ్ళు పన్నెండింటిని తీసి, ఇప్పటి లేబుళ్ళు వేసి నడిపింది. అప్పటి జవాబులతో పోలిస్తే ఎనిమిది తేడా వచ్చాయి. ఎర్రచుక్క. ఆయన వచ్చి చూసి, "ఈ మధ్య ప్రోగ్రాముకు మెరుగులు దిద్దాను కదా, అందుకే జవాబులు మెరుగయ్యాయి" అని, కొత్త జవాబును సరైన జవాబు స్థానంలో దాచేశాడు. చుక్క పచ్చబడింది. టీ గుటక దిగింది.

"నువ్వు ఊరుకున్నావా?"

"ఊరుకోలేదు తాతా. పాతది తప్పో కొత్తది తప్పో నిరూపించు అంటాడు. ఎలా నిరూపించను? అసలు జవాబు ఎవరికి తెలుసు? గిన్నెలో పెంచాలంటే ఆరు వారాలు."

"ఆరు వారాలు లేవే తల్లీ. సాయంత్రం ఐదు దాకానే ఉంది." డ్రైవరు సంగతి చెప్పాను. ఆమె కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టింది.

"ఐదో నంబరా," అంది. తర్వాత నా మీద విసుక్కుంది. "నిజం తెలియనప్పుడు అబద్ధాన్ని ఎలా పట్టుకుంటారు తాతా?"

"నా మొసలిని ఎలా పట్టుకున్నావు?"

తలెత్తి చూసింది.

"నువ్వు ఏటి ఒడ్డున నిలబడి చూశావా? మీ అమ్మ కూడా అప్పటికి పుట్టలేదు. ఐదేళ్ళ పిల్లవి, నా పొట్ట మీద కూర్చుని ఏమన్నావు?"

"వెనక నుంచి చెప్పమన్నాను."

"చెప్పానా?"

"చెప్పావు. ముందు నుంచి చెప్పినప్పుడు నీ చొక్కా తడిసింది. వెనక నుంచి చెబితే పొడిగా ఉంది. మొసలి ఒకటి కాస్తా రెండయ్యాయి." మొదట నవ్వబోయి, ఆగిపోయింది. నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. చిన్నప్పుడు ఏదైనా అంతుబట్టినప్పుడు కూడా అంతే, ఈగలు దూరేలా నోరు తెరిచేది.

తర్వాత కీబోర్డు టకటకమని కొడుతూ, తనలో తాను గొణుక్కుంటూ, అవే పన్నెండు శాంపిళ్ళకు నంబర్లు తిరగేసింది. పన్నెండోది ఒకటి అయింది, పదకొండోది రెండు, అలా. క్రిములు అవే, అక్షరాలు అవే. ఒకడికి పేరు మార్చినంత మాత్రాన వాడి జబ్బు మారదు కదా. ప్రతి క్రిమి గురించీ ఇందాక చెప్పిన మాటే ఇప్పుడూ చెప్పాలి. పది నిమిషాలు పట్టింది.

ఏడు క్రిములు మాట మార్చాయి. ఇందాక మొండివన్నది ఇప్పుడు మెత్తనివంటోంది, మెత్తనివన్నది మొండివంటోంది. నా మొసలి చాలా నయం.

ఆమె మళ్ళీ తొమ్మిదింటితో నడిపింది. ముందు నుంచి, వెనక నుంచి, కలగలిపి. ఒక్కటీ మారలేదు. పదోది చేర్చగానే చెదిరిపోయింది.

"తొమ్మిది దాకా బుద్ధిగా ఉండి పది రాగానే ఏం మాయరోగం?" అన్నాను.

ఆమె తెర మీద ఒక జాబితా తీసింది. ప్రోగ్రాం లోపల శాంపిళ్ళు ఏ వరసలో నిలబడ్డాయో అందులో ఉంది. ఒకటి. తర్వాత పది. తర్వాత పదకొండు, పన్నెండు. ఆ తర్వాత రెండు, మూడు, నాలుగు...

"అదేం వరస? దానికి లెక్కలు రావా?"

"నంబర్లని నిఘంటువులో మాటల్లా పేరుస్తోంది తాతా. 'ఒకటి'తో మొదలయ్యేవన్నీ ముందు. పేర్ల పట్టీ మాత్రం మామూలుగా ఒకటి, రెండు, మూడు అని ఉంది. రెండూ పక్కపక్కన అతికించేసింది. రెండో మనిషికి పదో మనిషి జవాబు. మూడో మనిషికి పదకొండో మనిషిది." వేలితో ఒక్కో వరసా దిగుతూ వచ్చి ఆగింది. "ఐదో మనిషికి... రెండో మనిషిది."

"మరి రెండేళ్ళ కిందట సరిగ్గా ఎలా చెప్పిందే?"

"అదే తెలియట్లేదు."

నాకు తెలిసింది. ఆమెను లాక్కుని చలిగదికి తీసుకెళ్ళి, పాత అర తెరిచి చూపించాను. పొగమంచులో నా చేతిరాత. 01, 02, 03.

మా ఊరి బడిలో లెక్కల మాస్టారు నాకు నేర్పిన ఒక్క మంచి అలవాటు అది. పదుల గడి ఖాళీగా వదిలితే చేతి మీద ఒక్కటిచ్చేవాడు. "ఖాళీ పెట్టావంటే ఎవడో వచ్చి కూర్చుంటాడ్రా, సున్నా పెట్టు!" అనేవాడు. అందుకే ఇరవై రెండేళ్ళూ ప్రతి ట్యూబు మీదా సున్నా పెట్టి రాశాను. ముందు సున్నా ఉంటే నిఘంటువు వరసైనా లెక్కల వరసైనా ఒకటే అవుతుందని ఎందుకమ్మ అప్పుడు చెప్పింది. 02 ముందు వస్తుంది, 10 దాని తర్వాతే. అంటే ఇన్నేళ్ళూ ఆ ప్రోగ్రాం నిలబడింది నా సున్నా మీద.

నాలుగు నెలల కిందట లేబుళ్ళు కొట్టే మెషిను కొన్నారు. నా రాత అక్కర్లేదన్నారు. ఆ మెషిను ఒకటిని ఒట్టి ఒకటిగానే కొట్టింది. నేను పచ్చచుక్క దగ్గరకు వెళ్ళి, బాబూ, సున్నా పోయింది అని చెప్పాను. ఆయన గది నిండా జనం ముందు పగలబడి నవ్వి, "ముందున్న సున్నాకి విలువ లేదు పెద్దాయనా, మీ బడిలో చెప్పలేదా? లేక మొసలి మింగేసిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. సిగ్గు లేకుండా నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

మూడున్నరకు డైరెక్టరమ్మ గదిలోకి వెళ్ళాం. ఆవిడ గోడ గడియారం చూసి, కాగితం కోసం చెయ్యి చాపింది. ఎందుకమ్మ సంగతి చెప్పడం మొదలుపెట్టిందో లేదో, కబురు అందుకుని పచ్చచుక్క వచ్చేశాడు.

"మేడమ్, ప్రోగ్రాం పరీక్షలన్నీ నెగ్గింది. నూట పద్దెనిమిది చుక్కలు, అన్నీ పచ్చ. ఎక్కడైనా తేడా వచ్చిందంటే అది ట్యూబుల దగ్గరే. తెచ్చేది ఎవరు? ఈయన. దారి పొడుగునా డ్రైవరుకు మొసలి కథలు చెబుతూ కలిపేసి ఉంటాడు."

డైరెక్టరమ్మ నా వైపు తిరిగింది. మంచి మనిషే. ఆవిడ కూడా నా మొసలి కథ విని చాలాసార్లు నవ్వింది. "నిజం చెప్పు పెద్దాయనా," అంది నెమ్మదిగా, "ఎప్పుడైనా కలిపేశావా? ఏం అననులే."

ఏం అనదట! ఇరవై రెండేళ్ళలో ఒక్క ట్యూబు ఒరగలేదు. వానలో నా గొడుగు పెట్టెకు పట్టి నేను తడిశాను. బస్సు గోతిలో పడితే పెట్టెను గుండెకు హత్తుకుని మోకాళ్ళు పగలగొట్టుకున్నాను. ఇదంతా చెప్పబోయాను. చెప్పినా ఏం లాభం? నా నోట్లోంచి వచ్చేదంతా మొసలే కదా వాళ్ళకు.

ఎందుకమ్మ నా మోచేయి పట్టుకుంది. "మా తాతను నమ్మద్దు మేడమ్. నన్నూ నమ్మద్దు. సర్‌నీ నమ్మద్దు. మీరే చేయండి."

పన్నెండు కాగితం ముక్కలు చింపి ఆవిడ ముందు పోసింది. "ఇవి పాత పన్నెండు శాంపిళ్ళు. వీటికి మీకు నచ్చిన నంబర్లు ఇవ్వండి. మీ చేత్తో. ట్యూబులు ముట్టుకునే పని లేదు, చదివిన అక్షరాలు కంప్యూటర్లోనే ఉన్నాయి."

డైరెక్టరమ్మ విసుగ్గానే నంబర్లు వేసింది. పది నిమిషాలు నడిచింది. మళ్ళీ కలిపి ఇంకోసారి వేసింది. ఇంకో పది నిమిషాలు. గడియారం నాలుగు దాటింది. నా కళ్ళు ఆ ముల్లు మీదే ఉన్నాయి. ఆసుపత్రిలో ఈపాటికి నర్సు ట్రే సర్దుతూ ఉంటుంది.

ఆవిడ రెండు జవాబులూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూసింది. "ఒకే క్రిమి... ఒకసారి మొండిది అంటోంది, ఒకసారి కాదంటోంది. ఇదేంటి?"

తెర మీద ఎర్రచుక్క వెలుగుతోంది. అప్పుడు పచ్చచుక్క ఒక పని చేశాడు. చెడ్డ ఉద్దేశంతో చేశాడని నేను అనను. దోమను తోలినట్టు, అలవాటు కొద్దీ చేశాడు. ముందుకు వంగి, కీబోర్డు మీదికి చెయ్యి చాచి, "ఒక్క నిమిషం మేడమ్, కొత్త జవాబును సేవ్ చేస్తే పచ్చగా వచ్చేస్తుంది," అన్నాడు.

నా చేతిలో మంచు పెట్టె ఉంది. దాన్ని ఎత్తి కీబోర్డు మీద దభీమని పెట్టాను. ఆయన వేళ్ళు అంగుళంలో తప్పాయి. తప్పినందుకు ఇప్పటికీ కాస్త విచారమే.

"అది జవాబు కాదయ్యా! అది ఒక మనిషి చెవి! దాన్ని సేవ్ చేస్తావా? ఏదీ, చెయ్యి చూద్దాం! నువ్వు ఎర్రదాన్ని పచ్చగా మార్చినప్పుడల్లా అక్కడ ఒకడికి సూది దిగుతోంది. నేను అబద్ధాలకోరునే. నా మొసలి ఇంతవరకూ ఎవర్నీ కరవలేదు. నీది కరిచింది. నెలకి మూడు వేల మందిని కరవడానికి పద్నాలుగు ఊళ్ళకు పంపిస్తున్నావు దాన్ని, పచ్చచుక్క బొట్టు పెట్టి!"

"పెద్దాయనా, ముందు ఆ పెట్టె తియ్యి," అన్నాడు, ముఖం ఎర్రబడి.

"తియ్యను. ముందు మేడమ్‌ను ఫోను తియ్యమను, ఐదింటికి మా డ్రైవరుకు సూది."

డైరెక్టరమ్మ ఫోను తీసింది. ఆసుపత్రి లైను రెండుసార్లు పలకలేదు. మూడోసారి పలికింది. "ఐదో నంబరు, బస్సు డ్రైవరు రిపోర్టు తప్పు. అవును, మా తప్పే. సూది ఆపండి," అంది. ఫోను పెట్టాక గడియారం చూశాను. ఐదుకు పదకొండు నిమిషాలు తక్కువ.

అంతటితో నేను చల్లబడాల్సింది. కానీ మర్నాడు కొత్త కాగితం వచ్చింది. ప్రోగ్రాములో ఒక్క లైను మార్చారట, ఒకే ఒక్క లైను. "లేబుళ్ళ తీరులో తేడా వల్ల ఏర్పడిన చిన్న సమస్య పరిష్కరించబడింది" అని అందులో ఉంది, కింద సంతకానికి చోటు వదిలారు. అందులో ప్రోగ్రాం తప్పు లేదు, పచ్చచుక్క లేడు, చెవి లేదు. లేబుళ్ళట, తీరట!

ఎందుకమ్మ సంతకం చేయాల్సిన చోట ఇలా రాసింది: "తప్పు ప్రోగ్రాముది. నాలుగు నెలల్లో తప్పు జవాబు వెళ్ళినవాళ్ళు నలభై ఒక్కరు. ఆ నలభై ఒక్కరికీ చెప్పాక సంతకం చేస్తాను."

"ఉత్తరాలు పంపుతాం అంటున్నాం కదా," అని డైరెక్టరమ్మ. "పది పని దినాలు పడుతుంది, పద్ధతి ప్రకారం వెళ్ళాలి."

"పది రోజులు తప్పు మందు మింగుతారా మేడమ్?"

"నీ ఉద్యోగం గురించి కూడా ఆలోచించుకోమ్మా."

"ఆలోచించే రాశాను."

ఆమె ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఉంది. సెలవు అన్నారు, ఎన్నాళ్ళో చెప్పలేదు. నన్ను ఏమీ అనలేదు. మొసలి తాతను ఎవరు పట్టించుకుంటారు? అందుకే శనివారం పొద్దున్నే డ్రైవరు ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అడగకుండానే ఎడమ పక్కకు వెళ్ళి కూర్చున్నాను.

సున్నా దగ్గర మొదలుపెట్టి మొత్తం చెప్పాను. అతను రోడ్డు వైపే చూస్తూ విన్నాడు.

"ఇది కూడా కోతేనా?" అన్నాడు.

"కాదురా."

"అయితే వెనక నుంచి చెప్పు."

చెప్పాను. ఫోను దగ్గర నుంచి పెట్టెకు, పెట్టె నుంచి కాగితం ముక్కలకు, అక్కడి నుంచి చలిగదికి, చలిగది నుంచి మా మాస్టారి బెత్తానికి. మధ్యలో రెండుచోట్ల ఆపి, అడ్డం తిప్పి అడిగాడు. ఒక్క ముక్క మారలేదు. నా జన్మలో నేను చెప్పిన కథల్లో ముందుకూ వెనక్కూ ఒకేలా వచ్చింది అదొక్కటే. అది నిజమైనందుకు నాకు ఏడుపొచ్చింది.

అతను పళ్ళు కొరకడం వినిపించింది. "కుడిది తిరిగి రాదట," అన్నాడు. "డాక్టరు చెప్పాడు. ఎడమ దాంట్లో మోత తగ్గింది. ఒక్క చెవితో బస్సు ఇస్తారో ఇవ్వరో." తర్వాత ఉన్నట్టుండి నా వైపు తిరిగాడు. "ఆగు. నాకు వచ్చింది రెండో నంబరు జవాబన్నావు కదా? అంటే మొండి క్రిమి ఆ రెండో నంబరుకు ఉన్నట్టు?"

"ఉన్నట్టే."

"మరి ఆ మనిషికేం ఇస్తున్నారు?"

"పదో నంబరు జవాబు ప్రకారం మామూలు బిళ్ళలు. అవి ఆ క్రిమికి పిప్పరమెంట్లతో సమానమట. ఉత్తరం వస్తుంది, పది రోజుల్లో."

"రెండో నంబరు..." అని చొక్కా వైపు చూసుకున్నాడు. నీలం చొక్కాకు పై నుంచి మూడో గుండీ మాత్రం తెల్లది. "ఆ రోజు లైనులో నాకు మూడు కుర్చీల ముందు కూర్చుంది. బట్టలు కుడుతుంది. నా గుండీ ఊడిపోతే సంచిలోంచి సూదీ దారం తీసి అక్కడే కుట్టిచ్చింది. కుడుతూ ఒకటే దగ్గు. ఇద్దరు పిల్లలు, ఒకడు ఒళ్ళో, ఒకడు కాళ్ళ దగ్గర." లేచి నిలబడ్డాడు. "ఇల్లెక్కడో తెలుసు. నా బస్సులోనే దిగేది, ఆఖరి స్టాపు ముందు స్టాపులో."

"నువ్వు నడవగలవా?"

"నీ కంటే నయంగా నడుస్తాను. లే." చెప్పులు వేసుకుని, నన్ను రెక్క పట్టి లేపి, తన ఎడమ పక్కకు తోశాడు. "ఈ పక్కనే నడువు. ఆవిడ ఇంటికి చేరేదాకా మొసలి మాట ఎత్తావో, ఊరుకోను."

ఎత్తలేదు.